గళ్ల నోటుపుస్తకంలో పుట్టిన పుల్లబొమ్మలు

ఇటు మంట దగ్గరికి జరగండర్రా. ఒరే పెద్దోడా, ఆ మొద్దు కాస్త లోపలికి తోయి, పొగంతా మొహాన కొడుతోంది. ఆఁ, చాలు. ఇందాక చిన్నోడు లెక్కల పుస్తకం అంచున బొమ్మ గీశాడని వాళ్లమ్మ కేకలేసింది కదూ. నేనూ చూశాను ఆ బొమ్మ. తలకి ఓ సున్నా, ఒంటికి ఓ నిలువు గీత, చేతులకి రెండు, కాళ్లకి రెండు. అంతే మనిషి. సరిగ్గా అలాంటి బొమ్మలే గీసి లోకంలో లెక్కలూ సైన్సూ ఇష్టమున్న వాళ్లందర్నీ తన చుట్టూ తిప్పుకున్న ఒక కుర్రాడి ముచ్చట చెబుతాను, వినండి.

ఇది రాజుల కాలం నాటి కథ కాదు, 2005 నాటిది. మీకైతే అదీ పాతకాలమే. అప్పటికి మీ చేతుల్లో ఆడే ఈ ఫోన్లు లేవు. ఐఫోన్ రావడానికి ఇంకా రెండేళ్లుంది. యూట్యూబ్ ఆ ఏడే పుట్టింది. మన కుర్రాళ్లంతా ఆర్కుట్‌లో ఉండేవాళ్లు. అమీర్‌పేటలో నెట్ సెంటర్‌కి వెళ్లి, గంటకింతని కట్టి కూర్చుంటే, ఫొటో పైనుంచి కిందికి చారలు చారలుగా దిగేది. ఆ రోజుల్లో తెల్ల కాగితం మీద నాలుగు నల్ల గీతలున్న బొమ్మ అయితే చటుక్కున తెరుచుకునేది.

ఆ కుర్రాడి పేరు రాండల్ మన్రో. అమెరికాలో పెన్సిల్వేనియా రాష్ట్రం ఈస్టన్‌లో 1984లో పుట్టాడు, వర్జీనియాలో పెరిగాడు. చిన్నప్పుడు 'కాల్విన్ అండ్ హాబ్స్' అనే కామిక్ అంటే ప్రాణం. న్యూపోర్ట్ న్యూస్ అనే ఊళ్లో, క్రిస్టఫర్ న్యూపోర్ట్ యూనివర్సిటీలో ఫిజిక్స్ చదివాడు. ఆ పక్కనే హాంప్టన్‌లో నాసా వాళ్ల లాంగ్లీ పరిశోధన కేంద్రం ఉంది. చదువు పూర్తికాక ముందే అందులో కాంట్రాక్టు మీద ప్రోగ్రాములు రాసే పనికి కుదిరాడు. రోబోల మీద పని. అంటే చదువా ఫిజిక్స్, చేసే పనా కంప్యూటర్, కూర్చున్న చోటేమో నాసా. బొమ్మల స్కూలు గడప తొక్కిన మనిషి కాడన్నమాట.

ఇక అసలు సంగతి. ఒకరోజు పాత నోటుపుస్తకాలు సర్దుకుంటున్నాడు. గళ్ల కాగితం పుస్తకాలు. ఒక పక్క లెక్కలు, ఆ లెక్కల పక్కనే క్లాసులో తోచినప్పుడల్లా గీసిన బొమ్మలు. పుస్తకాలు ఎక్కడో పోతాయి, వాటితో పాటు ఇవీ పోతాయి, పోగొట్టుకోవడం ఇష్టం లేదు. అందుకని ఒక్కో పేజీ స్కాన్ చేయడం మొదలుపెట్టాడు. వాటిలో కాస్త కామిక్‌లా ఉన్నవాటిని ఏరి, అప్పుడు తను సరదాగా నడిపి చూస్తున్న ఒక సర్వర్ మీద పెట్టాడు. అది 2005 సెప్టెంబరు. కామిక్ మొదలుపెడదాం, పేరు తెచ్చుకుందాం, డబ్బు చేసుకుందాం అనే ఆలోచన అందులో ఏ కోశానా లేదు. ఉన్నదల్లా పాత కాగితాలు పదిలపరుచుకుందామన్న తాపత్రయం. నాకు ఈ ముచ్చటలో అన్నిటికన్నా ఇష్టమైన భాగం ఇదే, అందుకే ఇక్కడ ఆగి చెబుతున్నాను.

ఒకటో నంబరు బొమ్మ ఇప్పటికీ అక్కడే ఉంది, చూడొచ్చు. నీళ్ల మీద ఒక పీపా. అందులో ఓ పిల్లవాడు కూర్చుని తేలుతుంటాడు. ఇక్కణ్ణించి ఇంకెక్కడికి తేలిపోతానో అనుకుంటాడు. ఆ తర్వాత పీపా చిన్నదైపోతుంది, చుట్టూ అంతా ఖాళీ. కథ లేదు, చమత్కారం లేదు. మిగతా తొలి బొమ్మల్లో చెట్లూ, ఒక దీవీ, ఎర్ర సాలీళ్లూ. కొన్నింట్లో వెనక గళ్ల కాగితం గీతలు కూడా కనిపిస్తాయి. వాటిని చెరపలేదు, దిద్దలేదు. ఉన్నది ఉన్నట్టే పెట్టాడు.

పేరంటారా? ఎక్స్‌కేసీడీ. నాలుగు ఇంగ్లిషు అక్షరాలు, నోటితో పలకడానికి కుదరనివి. అర్థమంటూ లేదు, దేనికీ పొట్టిపేరూ కాదు. అంతకు ముందునుంచే అతను వాడుకుంటున్న మారుపేరు అది. అదే కామిక్‌కీ అంటుకుపోయింది.

బోయింగ్‌బోయింగ్ అని వింతలూ విశేషాలూ ఏరి చూపించే సైటు ఒకటి ఉండేది. వాళ్ల కంట ఇవి పడ్డాయి. ఇలాంటివి ఉన్నాయి చూడండి అని లింకు ఇచ్చారు. అంతే, జనం వచ్చి పడ్డారు. అప్పుడుగానీ అతను కొంచెం గట్టిగా కూర్చుని గీయలేదు. 2006 జనవరి నుంచి బొమ్మలకు సొంత సైటు. వారానికి మూడు: సోమవారం, బుధవారం, శుక్రవారం. ప్రేమ, వెటకారం, లెక్కలు, భాష, వీటి గురించి అని సైటు నెత్తిన రాసుకున్నాడు.

అదే ఏడు చివర్లో నాసాలో కాంట్రాక్టు ముగిసింది. మళ్లీ పొడిగించలేదు. అప్పటికి అతనికి ఇరవై రెండేళ్లు. మన ఇళ్లల్లో అయితే ఏమయ్యేది? నాసా ఉద్యోగం పోయిందట, పిల్లవాడు పుల్లబొమ్మలు గీస్తూ కూర్చున్నాడట అని చుట్టాలంతా ఫోన్ల మీద ఫోన్లు చేసేవాళ్లు. అతను మాత్రం బొమ్మల్లోని మాటలు అచ్చేసిన టీ షర్టులు సైట్లో అమ్మకానికి పెట్టాడు. వాటిని డబ్బాల్లో కట్టి పంపడమూ, బొమ్మలు గీయడమూ, ఇదే పూర్తికాలం పనైంది. బొమ్మ చూడ్డానికి పైసా తీసుకోలేదు. చూసి మురిసిన వాళ్లే చొక్కా కొనుక్కుని అతన్ని పోషించారు.

ఇప్పుడు మీరడగాలి. తాతయ్యా, గీతే సరిగ్గా రాని బొమ్మని జనం ఎందుకు చూశారూ అని. మేము బాపు గారి గీత చూసి పెరిగినవాళ్లం. ఒక్క వంపులో బుడుగు మొహం, సీగానపెసూనాంబ జడ పలికేవి. చందమామలో వడ్డాది పాపయ్య గారి రంగులు చూసిన కళ్లు మావి. అలాంటి మాకు ఈ కుర్రాడి బొమ్మల్లో మొహాలే లేవు! కళ్లు లేవు, ముక్కు లేదు, నోరు లేదు. వట్టి సున్నా. మా ఆఫీసులో కొందరు దీన్ని బొమ్మ అంటారా అని తీసిపారేసేవాళ్లు.

కానీ నిదానంగా చూడండి. మొహం లేకపోయినా ఆ మనిషి బాధపడుతున్నాడో, కోపంగా ఉన్నాడో తెలిసిపోతుంది. తల సున్నా కాస్త ముందుకి వాలిందనుకోండి, దిగులు. నడుం గీత వెనక్కి ఒంగితే ఆశ్చర్యం. ఇద్దరి మధ్య జాగా పెరిగితే అలక. ఒక గడిలో మాటే లేకుండా వదిలేస్తే, ఆ మౌనం మనకి వినిపిస్తుంది. అందరికీ ఒకటే సున్నా కాబట్టి ఎవరికి వారు అది తామే అనుకోవచ్చు. అతను చాలామందికి పేర్లే పెట్టలేదు. చదివేవాళ్లే పెట్టుకున్నారు. జుట్టు లేని సున్నా తలవాడు క్యూబాల్. భుజాల దాకా జుట్టున్న అమ్మాయి మేగన్. నల్ల టోపీవాడికి బ్లాక్ హ్యాట్ అని టోపీయే పేరు. వాడు మహా తుంటరి.

ఇంకో కిటుకుంది. కంప్యూటర్‌లో బొమ్మ మీద మౌస్ బాణం కదపకుండా ఉంచితే, చిన్న పెట్టెలో ఇంకో మాట బయటపడుతుంది. బొమ్మలో నవ్వించింది ఒక ఎత్తు, ఆ దాచిన మాట ఒక ఎత్తు. తెలిసినవాళ్లు తెలియనివాళ్లకి ఒరేయ్, బాణం అక్కడ పెట్టి చూడరా అని చెప్పేవాళ్లు. అలా చెప్పుకోవడంలోనే సగం మంది చదువరులయ్యారు.

అన్నిటికన్నా పెద్ద పని ఇంకొకటి చేశాడు. నా బొమ్మలు ఎవరైనా తీసుకోండి, ఎక్కడైనా పెట్టుకోండి, నా పేరు చెప్పండి, అమ్ముకోకండి, అంతే అన్నాడు. క్రియేటివ్ కామన్స్ అనే లైసెన్సు కింద అందరికీ అనుమతిచ్చేశాడు. దాంతో పాఠం చెప్పే మాస్టారు తన స్లైడులో పెట్టుకున్నాడు, ప్రోగ్రామర్ తన సీటు పక్క పార్టిషన్‌కి అంటించుకున్నాడు. ఎవర్నీ అడగక్కర్లేదు, భయపడక్కర్లేదు. దాచుకుని ఉంటే ఆ బొమ్మలు వర్జీనియా దాటేవి కావని నా నమ్మకం.

హైదరాబాద్‌లో మా ఆఫీసుకి కూడా అలాగే వచ్చాయి. నేనప్పుడు డేటాబేస్ పని చేసేవాణ్ణి. 2007 అక్టోబరులో వచ్చిన ఒక బొమ్మ ప్రింటు తీసి ఎవరో గోడకి అంటించారు. నాలుగు గడులు. ఒక తల్లికి స్కూలు నుంచి ఫోనొస్తుంది. మా కంప్యూటర్లకి ఇబ్బందొచ్చిందమ్మా అంటారు. అయ్యో, మావాడు ఏమైనా విరగ్గొట్టాడా అంటుంది ఆవిడ. ఒక విధంగా అంతే. మీవాడికి నిజంగానే ఈ పేరు పెట్టారా అని అడుగుతారు. చూస్తే పేరులో రాబర్ట్ పక్కన చుక్కలూ బ్రాకెట్లూ, ఆ వెనక విద్యార్థుల పట్టికను తుడిచిపెట్టు అని కంప్యూటర్‌కిచ్చే కమాండ్! అవునండీ, ముద్దుగా బాబీ టేబుల్స్ అంటాం అంటుంది ఆవిడ. ఈ ఏడాది పిల్లల రికార్డులన్నీ పోయాయి, సంతోషమేనా అంటారు వాళ్లు. లోపలికి వచ్చేదాన్ని శుద్ధి చేసి తీసుకోవాలని మీకూ తెలిసిందనుకుంటాను అని ఆవిడ ముక్తాయింపు.

అర్థమైందా? చెబుతా. కంప్యూటర్‌లో పేరు రాయమని ఒక గడి ఇస్తాం. అందులో ఎవడైనా పేరు బదులు కమాండ్ రాశాడనుకోండి. ప్రోగ్రాం రాసినవాడు జాగ్రత్త పడకపోతే, యంత్రం దాన్ని పేరనుకోదు, చెప్పిన పని చేసేస్తుంది. దీన్ని ఎస్క్యూఎల్ ఇంజెక్షన్ అంటారు. దొంగలు దీంతోనే పెద్ద పెద్ద సంస్థల సమాచారం కాజేశారు. దీని మీద లావుపాటి పుస్తకాల్లో పేజీలకు పేజీలున్నాయి. మా దగ్గర కొత్తగా చేరిన పిల్లలకి అవన్నీ చదివించినా బుర్రకెక్కేది కాదు. నేను ముందు ఈ నాలుగు గడులు చూపించేవాణ్ణి. పకపకా నవ్వేవాళ్లు. నవ్వినవాడు మళ్లీ జన్మలో ఆ తప్పు చేసేవాడు కాదు. ఇప్పుడు ఈ దోషాన్ని ఎలా తప్పించుకోవాలో నేర్పే సైటుకి కూడా బాబీ టేబుల్స్ అనే పేరు.

పైథాన్ అని మీరు స్కూల్లో నేర్చుకుంటున్నారే, దాని మీదా ఒక బొమ్మ వేశాడు. పైథాన్ రాయడం ఎంత తేలికంటే, ఒక్క ముక్క రాసేసరికి మనిషి గాల్లో ఎగురుతుంటాడు. ఆ భాష తయారుచేసిన వాళ్లకి అది ఎంత నచ్చిందంటే, భాషలోనే ఇరికించేశారు. పైథాన్‌లో 'ఇంపోర్ట్ యాంటీగ్రావిటీ' అని కొడితే ఆ బొమ్మే తెరుచుకుంటుంది. నేను చెప్పడమెందుకు, మీరే కొట్టి చూడండి.

నవ్వించడమే అనుకోకండి. 2011 మార్చిలో జపాన్‌లో సునామీ వచ్చి ఫుకుషిమా అణువిద్యుత్ కేంద్రం దెబ్బతింది. లోకమంతా హడలిపోయింది. రేడియేషన్ అంటే ఎంత, దేనికి భయపడాలి, దేనికి అక్కర్లేదు, ఎవరికీ తెలీదు. టీవీలో ఒకడు మిల్లీ అంటాడు, ఇంకొకడు మైక్రో అంటాడు. అణు రియాక్టర్ దగ్గర పనిచేసిన స్నేహితురాలి సాయం తీసుకుని, ఈ కుర్రాడు ఒకే కాగితం మీద లెక్కంతా చిన్న చిన్న గళ్లుగా వేశాడు. మనిషి పక్కన మనిషి పడుకుంటే ఒంటికి తగిలే రేడియేషన్ 0.05 మైక్రోసీవర్ట్. దానికి ఒక గడి. అరటిపండు తింటే 0.1, రెండు గళ్లు. ఛాతీకి ఎక్స్‌రే తీస్తే 20. న్యూయార్క్ నుంచి లాస్ ఏంజలెస్‌కి విమానంలో వెళితే 40. అలా పేర్చుకుంటూ ప్రాణం తీసే మోతాదు దాకా. రోగం ఎక్కడ మొదలవుతుందో, చావు ఎక్కడుందో కంటితో చూసుకోవచ్చు. దాని మీద హక్కులు కూడా అట్టేపెట్టుకోకుండా అందరికీ ఇచ్చేశాడు. భయపడ్డవాడికి గళ్ల కాగితం మీద ధైర్యం గీసి ఇచ్చినట్టు. నోటుపుస్తకంలో లెక్కలూ బొమ్మలూ పక్కపక్కన గీసుకున్న పిల్లవాడు గనకే ఈ పని చేయగలిగాడు.

అంతకు ముందు ఏడే, 2010లో, అతనికి పెద్ద కష్టం వచ్చింది. పెళ్లి చేసుకోబోయే అమ్మాయికి రొమ్ము క్యాన్సర్ అని తేలింది. ఆ సంగతి అతనే చెప్పుకున్నాడు. 2011 సెప్టెంబరులో పెళ్లి చేసుకున్నారు. రోగం బయటపడిన రెండేళ్లకీ, ఏడేళ్లకీ, పదేళ్లకీ ఒక్కో బొమ్మ వేశాడు. ఆసుపత్రి కుర్చీలో అమ్మాయి, చేతికి సెలైన్ గొట్టం, పక్కనే అతను. అప్పటిదాకా జుట్టుతో గుర్తుపట్టే అమ్మాయి తల మీద జుట్టుండదు. రెండు సున్నాలూ ఒకేలా ఉంటాయి. తర్వాత గడుల్లో జుట్టు మెల్లగా మళ్లీ వస్తుంది. మొహంలేని ఆ బొమ్మలు చూసి మీ నానమ్మ కళ్లు తుడుచుకుంది. తనకి ఇంగ్లిషు అంతంతమాత్రం. అయినా నేనేమీ విప్పి చెప్పక్కర్లేకపోయింది.

ఇంకోటి చెప్పి ముగిస్తాను, నిద్రపోకండి. 2007 మొదట్లో ఒక కలల బొమ్మ వేశాడు. కలలో ఒక అమ్మాయి అతని చెవిలో కొన్ని అంకెలు చెబుతుంది. అవి అక్షాంశం, రేఖాంశం, ఒక తేదీ, ఒక సమయం. అతను ఆ రోజు ఆ చోటికి వెళ్తాడు, ఎవరూ రారు. కోరుకున్నంత మాత్రాన నిజమవదని దిగులుతో బొమ్మ ముగుస్తుంది. ఆ అంకెలు మాత్రం నిజమైన చోటువే. మసాచుసెట్స్‌లో కేంబ్రిడ్జ్ ఊళ్లో ఓ చిన్న పార్కు. తేదీ 2007 సెప్టెంబరు 23. చదివినవాళ్లు ఊరుకున్నారా? ఆ రోజుకి వందల మంది ఎక్కడెక్కడి నుంచో వచ్చి పార్కు నింపేశారు. ఒకరి మొహం ఒకరు ఎరగరు. అతనూ వచ్చాడు. అన్నాళ్లూ ఎవరి గదిలో వాళ్లు ఒంటరిగా నవ్వుకున్న మనుషులు ఆ పూట ఒకచోట నిలబడ్డారు. ఇంతమంది తోడున్నారని వాళ్లకీ అప్పుడే తెలిసింది. నన్నడిగితే అతనికి దక్కిన సన్మానాలన్నిటిలోకీ ఇదే పెద్దది.

మిగతావి దక్కలేదని కాదు. 2013లో 'టైమ్' అని ఒకే బొమ్మ, నాలుగు నెలల పాటు కొంచెం కొంచెంగా మారుతూ వచ్చింది. సముద్రం ఒడ్డున ఇద్దరు ఇసుకకోట కట్టడంతో మొదలై పెద్ద ప్రయాణమైంది. మూడు వేలకు పైగా గడులు. దానికి మరుసటి ఏడు హ్యూగో అవార్డు ఇచ్చారు. సైన్స్ ఫిక్షన్ వాళ్లకి అది గొప్ప గౌరవం. ఒక గ్రహశకలానికి మన్రో అని పేరు పెట్టారు. పిచ్చి ప్రశ్నలకి అసలు సిసలు సైన్సుతో జవాబులిచ్చిన 'వాట్ ఇఫ్' 2014లో వచ్చింది, బాగా అమ్ముడుపోయింది. ఆ పుస్తకం నా బీరువాలో రెండో అరలో ఉంది, పెద్దోడా, నీకు ఇప్పుడు సరైన వయసు.

చిన్నోడా, నీకొక మాట. లెక్కలు మానేసి బొమ్మలు గీయమని నేను చెప్పను. అతనూ లెక్కలు మానలేదు, లెక్కలొచ్చు కాబట్టే ఆ బొమ్మలకి ఆ బలం. రెండూ చెయ్యి. బొమ్మ గీసినప్పుడు పక్కన తేదీ వెయ్యి. ఏడాది చివర పాత పుస్తకాలు కాగితాల వాడికి తూకానికి వేసే ముందు ఒకసారి నాకు చూపించు. మీ అమ్మకి నేను చెబుతాలే.

ఆ బొమ్మలు ఇప్పటికీ సోమ, బుధ, శుక్రవారాల్లో వస్తూనే ఉన్నాయి. 2024లోనే మూడు వేల నంబరు దాటాయి. సెలవులు ఇంకా ఉన్నాయి కదా, రేపు పొద్దున ఒకటో నంబరు నుంచి మొదలుపెట్టండి. ఫిజిక్సూ, ప్రోగ్రాములూ వచ్చిన చోట అర్థం కాకపోతే నంబరు రాసుకుని నా దగ్గరికి రండి, కూర్చుని చెబుతాను.